రేకు తొడిగిన గొట్టం

కెన్యాలో మా కెరిచో కొండల్లో వాన ఏ కాలాన్నీ వదలదు. తేయాకు కోసేవాళ్ళం ప్లాస్టిక్ ఏప్రన్లు కట్టుకున్నా, మధ్యాహ్నానికి లోపలి బట్టలు ఒంటికి అతుక్కుపోతాయి. ఆకు తూకం వేయించి మళ్ళీ తోటలోకి వెళ్ళేలోపు దొరికే కాస్త తీరికలో మేమంతా ఫ్యాక్టరీ వెనక గోడ దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. బాయిలర్ నుంచి ఆకు వాడబెట్టే అటకకి ఆవిరి తీసుకెళ్ళే లావుపాటి ఇనుప గొట్టం ఆ గోడ వెంబడే పోతుంది. గోనెసంచి అడ్డం పెట్టుకుని దాని పక్కన చేరితే బట్టలు ఇట్టే ఆరిపోయేవి.

నా నేస్తం కెరూబోకి ఆ గొట్టమే ప్రాణం. దానికి ఉబ్బసం. తడిబట్టలతో కాసేపు ఉంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇద్దరం మా ఊరు కిసీ నుంచి ఒకే లారీలో వచ్చాం, పక్కపక్క సాళ్ళలో కోస్తాం. నాకంటే చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది.

"ఒసే మోరా, నా మొగుడి కంటే ఈ గొట్టమే నయమే. అడక్కుండానే వెచ్చగా ఉంటుంది."

"మీ ఆయన వింటే చంపుతాడే!"

"వినాలంటే ముందు ఇంటికి రావాలిగా!"

ఆ ఏడు నైరోబి నుంచి నెకేసా అనే ఇంజనీరమ్మ వచ్చింది. ఫ్యాక్టరీ ఎంత కట్టె కాలుస్తోందో, ఎంత పొగ వదులుతోందో కొలిచి, తగ్గించే దారి చెప్పడం ఆమె పని. తగ్గించకపోతే బయటి దేశాల వాళ్ళు మా టీ కొనరట. వేడిని రంగుల్లో చూపించే కెమెరా ఒకటి తెచ్చి మా వైపు తిప్పింది.

"మేడం, నా ఊడిన పన్ను పడకుండా తియ్యి," అంది కెరూబో.

ఆమె నవ్వి మాకు తెర చూపించింది. గొట్టం తెల్లగా మండిపోతోంది. పక్కన మేము ఎర్రగా ఉన్నాం.

"ఇదంతా ఉత్తినే గాల్లో కలిసిపోతున్న వేడమ్మా. దీనికోసం ఎన్ని చెట్లు నరుకుతున్నారో తెలుసా?"

కెరూబో నవ్వు ఆపేసింది. "ఉత్తినే ఏంటి మేడం? ఇందులో మేం కనపడట్లేదా?"

నెకేసా మొహం చిట్లించలేదు. మా పక్కనే చతికిలబడి కెరూబో ఛాతీ చప్పుడు విన్నది. "గొట్టం కప్పక తప్పదమ్మా. మీ బట్టలు ఆరడానికి ఒక గది కట్టమని కూడా రాస్తాను," అంది. మాట తప్పలేదు, రాసింది. మేనేజరు కిటుర్ గొట్టం పని వెంటనే మొదలుపెట్టించాడు. గది వచ్చే ఏడు చూద్దామన్నాడు. బట్టలు ఆరడానికి వచ్చే ఏడా! ఆయన్ని ఒక్క పూట ఆ వానలో నిలబెడితే తెలిసేది.

గాజు దూది చుట్టి, పైన రేకు తొడిగారు. బాయిలర్ గదిలోకైనా రానివ్వమని కట్టెలు వేసే ఒసోరోని బతిమాలాను.

"బయటివాళ్ళు కనపడితే నన్ను పీకేస్తారక్కా. నా పిల్లల మొహం చూడు," అన్నాడు. వాడినేమనను?

పెద్ద వానలు పట్టుకున్నాయి. కెరూబో దగ్గు ముదిరింది, తర్వాత జ్వరం తగిలింది. పని మానితే పేరు కొట్టేస్తారని బుట్ట తగిలించుకుని వస్తూనే ఉంది.

చేసిన పని చూసుకోవడానికి నెకేసా మళ్ళీ వచ్చిన రోజు, పొగమంచుకి పక్క మనిషి కూడా కనపడలేదు. తూకం దగ్గర కెరూబో లేదు. వేడి చాయ్ పట్టుకుని వెతుక్కుంటూ వెనక గోడ వైపు వెళ్ళాను. అక్కడ నెకేసా, కిటుర్, ఒసోరో నిలబడి తెర చూస్తున్నారు. గొట్టం పొడుగునా నల్లగా, చల్లగా ఉంది. మలుపు దగ్గర మాత్రం ఎర్రటి మచ్చ ఒకటి కనపడింది.

"అక్కడ ఇంకా వేడి కారుతున్నట్టుందే," అన్నాడు కిటుర్. "ఒసోరో, ఆ మూల ఇంకో పొర చుట్టరా."

నెకేసా తెర వంక మరోసారి చూసి మంచులోకి పరిగెత్తింది. ఆమె వెనకే నేను పరిగెత్తాను. పాత అలవాటు కొద్దీ గోనెసంచి అడ్డం పెట్టుకుని, చల్లటి రేకుకి ఆనుకుని ఉంది కెరూబో. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

నెకేసా తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారి పొడుగునా దాని తల నా ఒళ్ళోనే ఉంది. ఊపిరితిత్తులు రెండూ నెమ్ముతో నిండిపోయాయన్నారు డాక్టర్లు. ఆ వారం గడవకుండానే దాన్ని కిసీ తీసుకెళ్ళి పూడ్చిపెట్టి వచ్చాం.

వచ్చాక ఒకరోజు ఒసోరోని అడిగాను, వాళ్ళు చెప్పినట్టు కట్టెలు నిజంగానే తగ్గాయా అని. వాడు తల వంచుకుని, "తగ్గాయక్కా, చాలా తగ్గాయి," అన్నాడు.

అబద్ధమై ఉంటే వాళ్ళని నోరారా తిట్టుకునేదాన్ని. ఆ కాస్త సుఖం కూడా నాకు లేకుండా పోయింది.