పదిహేడో పోర్టు

పై అంతస్తులోని అనువాదకురాలికి సరైన మాట తోచకపోతే కాలు ఊపే అలవాటు. ఆ కాలు బల్ల కింద వదులైన నెట్‌వర్క్ కేబుల్‌కి తగిలినప్పుడల్లా, కింద నా తెర మీద, ఆ కేబుల్ వచ్చి చేరే స్విచ్ పదిహేడో పోర్టులో ఎర్రర్ల లెక్క పెరిగేది. ఆమెతో రెండు ముక్కలు మాట్లాడే ధైర్యం నాకెప్పుడూ చాలలేదు. ఆమె ఏదో మాట కోసం వెతుక్కుంటోందని మాత్రం తెలిసేది.

ఇప్పుడామె దీర్ఘ సెలవులో ఉంది. వస్తుందో రాదో ఎవరూ చెప్పరు. ఆ సీట్లో రాయిలా కదలకుండా కూర్చునే ఒకాయన వచ్చాడు. ఆ పోర్టులో డేటా ట్రాఫిక్ మామూలే, ఎర్రర్లు మాత్రం సున్నా.

"ఏం మంత్రం వేశావయ్యా!" అన్నాడు మేనేజర్. "పనిలో పని, ఆ పాత కేబుల్ కూడా మార్చిపారెయ్."

"బాగానే ఉందిగా సార్, ఇప్పుడు దాన్నెందుకు కెలకడం?" అన్నాను.

కొత్త కేబుల్ వేస్తే, రేపు ఆమె తిరిగొచ్చి కూర్చున్నా నాకు తెలియదు.