తుపాకీలో జిడ్డు

టోపీ టప్పుమంది. తుపాకీ మాత్రం పేలలేదు.

ఏటా పడవపందేన్ని మొదలుపెట్టే తుపాకీ అది. గొట్టం మూతిలోంచి మందు పోసి, కాగితపు ఉండ కూరి, వెనకున్న బోలు మొనకు చిన్న రాగి టోపీ తొడిగి పేల్చాలి. పోయిన రెండేళ్లూ నోరు విప్పలేదు. ఇవాళ్టి పందేనికి ఇంకా రెండు గంటలుంది.

"ఇక నావల్ల కాదమ్మాయ్," అన్నాడు మామగారు, మూతిని ఖాళీ దొడ్డివైపే ఉంచి. "చేతుల్లో పట్టు పోయింది. మందు సరిగ్గా దట్టించలేకపోతున్నా. పందెం కమిటీ సెక్రటరీ కరెంటు హారన్ కొంటాడట, కొననీ."

తుపాకులు బాగుచేసే కోడలికి ఆ మాట ఎందుకో హాయిగా తోచింది. తప్పు ఆయన చేతులదైతే తనది కాదుగా! ఆ హాయిని గమనించి తనకే సిగ్గేసింది.

మందు బయటికి తీసి, మొన విప్పి, సన్నని తీగ దూర్చి లాగింది. కొసన నల్లటి జిడ్డు. నిప్పు నడవాల్సిన దారి పూడుకుపోయింది.

ఊళ్లోవాళ్ల తుపాకుల్ని తుడిచి, మూతి కిందికి పెట్టి ఆరేసేది. ఇంటిది కదా అని దీనికి మాత్రం నాలుగు చుక్కల నూనె ఎక్కువ పోసి, మూతి పైకి ఉండేలా మూలన నిలబెట్టేది. ఆ నూనే ఏడాదంతా కిందికి దిగింది.

గుడ్డ చేతిలోనే ఉంది. తుడిచేసి "బాగైంది" అంటే సరిపోతుంది. మామగారు వేళ్లు ముడుస్తూ, చాపుతూ, వాటిని పరాయివాళ్లలా చూసుకుంటున్నాడు.

"మామయ్యా, మీ చేతులకేం కాలేదు. నూనె ఎక్కువ పోసింది నేనే."

"రెండేళ్లూనా?"

"రెండేళ్లూ."

"ఓసి నీ దుంపతెగ! వీటికి తైలం రుద్ది రుద్ది మీ అత్త చేతులు పడిపోయాయి కదే!"

స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టారు. మందు పోయకుండా టోపీ ఒక్కటే పేల్చితే, మూతి ముందున్న ఎండుటాకు ఎగిరింది. దారి తెరుచుకుంది.

పందెం వేళకి ఒడ్డున తుపాకీ ఢామ్మంది. సెక్రటరీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మామగారు కనిపించినవాడినల్లా ఆపి, "తప్పు మా కోడలిది! నా చేతులు భేషుగ్గా ఉన్నాయి," అని చాటుతున్నాడు.

కోడలి చెవులు ఎర్రబడ్డాయి. "అందరికీ చెప్పాలా మామయ్యా?"

"రెండేళ్లు నేను మోశాను. ఒక్క పూట నువ్వు మొయ్యి," అని, ఆయన ఇంకో పడవవాడి వైపు ఉత్సాహంగా నడిచాడు.