కొంగున కట్టిన తాళాలు

మామిడికాయ సీజను ముగిసి లారీల రొద తగ్గాక, నూజివీడులో ఆ వీధి వాళ్ళు ఊళ్ళకి బయల్దేరతారు. సామాను ఆటోలో పెట్టుకుని, ఇంటికి తాళం వేసి, ఆఖరున కామేశ్వరమ్మ గుమ్మం ముందు ఆగుతారు.

"చెల్లెమ్మా, చింతలపూడి వెళ్తున్నాం, పది రోజులు," అంటూ పాండురంగారావు గారు తాళంచెవి చాపారు.

ఆవిడ వెంటనే అందుకోలేదు. "ట్యాంకు కింద వాల్వు కట్టారా అన్నయ్యగారూ?"

"కట్టాను."

"వంటింట్లో కుళాయి? తిప్పి చూసి, నీళ్ళు రాలేదని అట్లాగే వదిలేశారేమో?"

ఆ వీధికి మునిసిపాలిటీ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. ఎండిన కుళాయి తెరిచే ఉందన్న సంగతి మనుషులు మర్చిపోతారు. మనం ఊరెళ్ళిన మర్నాడు వచ్చే నీళ్ళు మర్చిపోవు.

"కట్టేశానమ్మా! మా ఆవిడ కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యదు."

"ఆవిడ కొంగు తడవదు కదండీ. మరి డాబా తూములో ఆకులు?"

"మొన్ననే తీయించాను," అంటూ ఆయన ఆటో ఎక్కారు.

కామేశ్వరమ్మ దణ్ణం పెట్టుకుని తాళంచెవి కొంగున ముడేసింది. ఆ ముడిలో తాళం ఉన్న ఏ ఇంట్లో నీళ్ళు దారి తప్పినా ఆవిడ కొంగు తడుస్తుంది. వాసన చూసి ఎవరిల్లో చెప్పేస్తుంది. కుళాయి నీళ్ళయితే బ్లీచింగు వాసన, ట్యాంకు పొంగితే పాచి వాసన. కృష్ణవేణి గారింట్లో గీజరు పైపు ఊడినప్పుడు కొంగు వెచ్చగా తడిసింది. ఇరవయ్యారేళ్ళుగా ఆ వీధిలో ఒక్క గోడ నానలేదు, ఒక్క పరుపు తడవలేదు.

కోడలు సుప్రజకి అత్తగారంటే అందుకే అంత గౌరవం. బాధా అందుకే. మామగారు పోయేముందు, "నా పేరున గంగలో మూడు మునకలు వెయ్యి కాముడూ," అన్నారు. తొమ్మిదేళ్ళయింది. టిక్కెట్లు కొన్నప్పుడల్లా ఎవరో ఒకరు తాళం తెచ్చి ఇస్తారు, ఆవిడ పక్కనున్న ఆగిరిపల్లి కూడా దాటదు. ఒకసారి సుప్రజ ఆ తాళాలు తన కొంగున కట్టుకుని, అందులో ఒకరి పెరట్లో కుళాయి వదిలి చూసింది. కొంగు పొడిగానే ఉంది.

ఈ ఏడు సుప్రజ పట్టుబట్టింది. "తాళాలతోనే వెళ్దాం అత్తయ్యా. ఏదైనా అయితే ఆయనకి ఫోన్ చేద్దాం, తాళం పగలగొట్టయినా లోపలికి వెళ్తారు." భర్త సతీష్ ఊళ్ళోనే ఉంటానన్నాడు. అలా పదకొండు తాళాలు కాశీకి వెళ్ళాయి.

తీరా వెళ్ళాక, పొద్దున్నే ఘాటు మెట్ల మీద పాదాలు తడుపుకుని ఆవిడ నిలబడిపోయింది.

"దిగండి అత్తయ్యా."

"ఎట్లా దిగనే? చీరంతా తడిశాక, ఎవరి ఇల్లు తడుస్తోందో నాకెట్లా తెలుస్తుంది?"

తొమ్మిదేళ్ళ మాట రెండు మెట్ల అవతల ఉంది. ఆవిడ వెనక్కి తిరగబోయింది.

సుప్రజ ఒక్క క్షణం ఆలోచించి, చీర కుచ్చిళ్ళు దోపుకుని తనే ముందు దిగింది. "కొంగు ఇలా ఇవ్వండి. నేను ఎత్తి పట్టుకుంటాను. మీరు మునగండి."

ఆవిడ భర్త పేరు, గోత్రం చెప్పుకుని మునిగింది. ఒకటి. రెండు.

అప్పుడు సుప్రజ పిడికిట్లో ముడి చల్లబడింది. గంగ ఇంకా జానెడు కిందనే ఉంది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, నానిన మామిడాకుల వాసన. పాండురంగారావు గారి డాబా! వాళ్ళ డాబా మీదికి వంగిన చిన్నరసం చెట్టు మళ్ళీ ఆకులు రాల్చి ఉంటుంది. కింద గదిలో ఏడాది తాండ్రంతా మడతలు పెట్టి ఉంది.

చెప్తే అత్తయ్య మూడో మునక వెయ్యదు. సుప్రజ రెండో చేత్తో ఫోన్ తీసింది.

"ఏవండీ, అక్కడ వాన పడుతోందా?"

"కుండపోత. ఏం?"

"పాండురంగారావు బాబాయిగారి డాబా ఎక్కండి. తూములో ఆకులు. మెట్లు బయటనుంచేగా, పరిగెత్తండి."

"గొడుగు..."

"గొడుగేంటండీ, పరిగెత్తండి!"

కామేశ్వరమ్మ మూడో మునక వేసి లేచింది. కోడలి మొహం చూసింది.

"ఎవరిది?"

"పాండురంగారావు బాబాయిగారిది. డాబా తూము. మీ అబ్బాయిని పరిగెత్తించాను. మీరు ఆగిపోతారని చెప్పలేదు అత్తయ్యా."

"వాసన పట్టావా?"

"మామిడాకులండీ."

కామేశ్వరమ్మ ముడి విప్పి, పదకొండు తాళాలూ కోడలి కొంగున కట్టింది. చూస్తుండగానే సుప్రజ కొంగు చివర తడిసింది. ఓ నిమిషం మామిడాకుల వాసన వేసి, మెల్లిగా ఆరిపోయింది. అక్కడ సతీష్ తూములో ఆకులు తీసేసినట్టున్నాడు.

"పట్టుకో, జాగ్రత్త," అని ఆవిడ మళ్ళీ నీళ్ళలోకి తిరిగింది.

"మూడూ అయిపోయాయిగా అత్తయ్యా?"

"అవి మీ మామగారివి. ఇది నాది."

ఈసారి ఆవిడ కొంగుతో సహా మునిగింది.