విజయమ్మకు వేడి కాఫీ

2023 మార్చి 10, శుక్రవారం. తెల్లవారుజామున పడిన కాస్త మంచు ఏడింటికల్లా కరిగిపోయింది. పదింటికి ఎండ చురుక్కుమంది. మధ్యాహ్నానికి నల్లమల వైపు నుంచి వేడిగాలి లేచి, అర్ధవీడు రోడ్డు మీది దుమ్మంతా తెచ్చి పాలెం ఇళ్ళ గడపల్లో పోసింది. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసాల శ్రమకాలం రోజులు. శుక్రవారం వచ్చిందంటే పాలెం ఆడవాళ్ళు పస్తుండి విజయమ్మ ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. మూడింటికి చివరి పాట పాడి, ఆమెన్ అని, కాఫీతో ఉపవాసం విడుస్తారు.

చుట్టుపక్కల ఊళ్ళన్నీ టీ తాగే ఊళ్ళు. పాలెం ఒక్కటే కాఫీ తాగుతుంది. ఈ తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో మిషను బంగళాలో ఒక దొరసాని ఉండేదట. చలికాలం ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్ళకు ఆమె కాఫీ కాచి ఇచ్చేదట. దొరసాని పోయింది, బంగళా కూలింది, ఆ జాగాలో ఇప్పుడు ఎరువుల దుకాణం ఉంది. కాఫీ మాత్రం మిగిలింది. దొరసాని పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆమెకొక తెల్ల గుర్రం ఉండేదని మాత్రం చెబుతారు. గుర్రంతో మనకు పని లేదు.

పాలెంలో కాఫీ ఆవిరి పైకి పోదు. తాగేవాళ్ళ ఒంట్లో ఎక్కడ బాగా లేదో అక్కడికి పోతుంది. మోకాలు నొప్పి ఉంటే గ్లాసు అంచు మీంచి జారి మోకాలి మీద వాలుతుంది. పన్ను పుచ్చితే దవడకు తాకుతుంది. ఏ జబ్బూ లేని మనిషి తాగితే నిట్టనిలువునా లేస్తుంది. మందులిచ్చే నరసింహం కూడా నాలుక కింద థర్మామీటరు పెట్టే ముందు, "ఆవిరి యాడికి పోయింది?" అనే అడుగుతాడు.

కాఫీ కాచేది విజయమ్మ. అందరికీ పోసి, గ్లాసులు కడిగి, అందరూ లేచి పోయాక గిన్నె అడుగున మిగిలింది పొయ్యి దగ్గర నిలబడి తాగుతుంది. అప్పటికి అది చల్లారి, మీద తొరక కట్టి ఉంటుంది. చల్లారిన కాఫీకి ఆవిరి ఉండదు.

మొగుడు నిత్యానందం ఆయాసంతో పోయినప్పటి నుంచి విజయమ్మకు దేనికీ పెద్దగా ఏమీ అనిపించడం లేదు. ఆకలైతే తినేది. ఎవరైనా నవ్వితే కాసేపటికి తనూ నవ్వేది. నిత్యానందం మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పని చేసి, రెండు గదుల స్లాబు వేసి, ఇల్లు ఆమె పేరునే పెట్టాడు. కొడుకు శ్యాంసన్ హైదరాబాదులో ఇంకో ఆడమనిషితో ఉంటున్నాడు. పెళ్ళాం రేచల్ ఇక్కడే, అత్త దగ్గరే ఉండి మిరప కోతలకు పోతోంది. రేచల్‌ది వెలిగండ్ల. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు.

శ్యాంసన్ నెలకొకసారి ఫోన్ చేసేవాడు. ఇల్లమ్మి కారు కొని తిప్పుకుంటానని, అమ్మను తనతో పెట్టుకుంటానని చెప్పేవాడు. రేచల్ సంగతేంది అని విజయమ్మ అడిగితే, దాని దారి అది చూసుకుంటాదిలే అనేవాడు. తను ఉన్నన్నాళ్ళు అమ్మేది లేదని ఆమె చెప్పింది.

"సరేలే మా," అని నవ్వినాడు శ్యాంసన్. "నువ్వేమన్నా ఎల్లకాలం ఉంటావా?"

ఆ మాట ఫోన్‌లోంచి రేచల్‌కూ వినిపించింది. ఆమె తల వంచుకొని మిరపకాయల తొడిమలు తీస్తూనే ఉంది.

ఆ శుక్రవారం కాఫీ పొయ్యి మీద ఉండగానే రోశమ్మ ఫోన్ బయటికి తీసింది. రోశమ్మ నిత్యానందానికి అక్క, స్త్రీల సమాజానికి పెద్ద. ఫోన్‌లో తెల్లకోటు వేసుకున్న మనిషొకడు కాఫీ తాగే ఆడవాళ్ళకు క్యాన్సర్ వస్తుందని గట్టిగా చెబుతున్నాడు. వాడు డాక్టరో కాదో ఎవరికీ తెలియదు. కోటు మాత్రం తెల్లగా ఉంది. రోశమ్మ దాన్ని రెండుసార్లు వినిపించింది. క్యాన్సరంటే మన రాచపుండే అని ముసలివాళ్ళకు విడమరిచింది.

"దేవుడు నాకీ వీడియో ఊరికే పంపలేదు," అన్నది.

"దేవుడు గాదు పెద్దమ్మా, నీ అల్లుడు పంపినాడు," అన్నది వరసలో చివర కూర్చున్న రెబెకా. అందరూ నవ్వారు గానీ ఆ రోజు ఎవరూ గ్లాసు ముట్టలేదు. కాఫీ పెరట్లో పారబోశారు. తరువాతి వారం నుంచి రాగిజావ వచ్చింది. రాగిజావ ఆవిరికి దారి తెలియదు, ఊరికే పైకి పోయింది. అందరికంటే కాఫీ పిచ్చి రోశమ్మకే. పంతానికి అందరికంటే గట్టిగా మానింది కూడా ఆమే.

ఆ నెలలోనే నీళ్ళు పోసుకుంటుంటే విజయమ్మకు ఎడమ రొమ్ము పక్కన గచ్చకాయంత గడ్డ చేతికి తగిలింది. నొక్కి చూసింది. నొప్పి లేదు. రాచపుండంటే పుండు కదా. చీము, నెత్తురు, ఈగలు. వాళ్ళ జేజికి, నాయన తల్లికి, దవడ మీద లేచింది అట్లాంటిదే, వాసనకు వాకిట్లో మంచం వేసి పడుకోబెట్టేవాళ్ళు. దీనికి తోలు చెక్కు చెదరలేదు. పైగా తను కాఫీ మానేసింది. పుండు లేనిది రాచపుండు ఎట్లవుతుంది? తల మీద ఇంకో చెంబు పోసుకొని లేచింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలనీ అనిపించలేదు.

ఎండాకాలం పోయింది. వానలు పడీ పడక పోయినాయి. డిసెంబరు మొదట్లో తుఫాను వాన పట్టింది. కూలి లేదు, పొయ్యిలోకి ఎండు కట్టె లేదు. విజయమ్మ దగ్గుతూ మూలన కూర్చుని ఉంది. రేచల్ డబ్బాలు సర్దుతుంటే అడుగున గడ్డ కట్టిన కాఫీ పొడి కనిపించింది. పారేయడానికి మనసొప్పక గరిటె కామతో కొట్టి, పాలు కాచి రెండు గ్లాసులు చేసింది. ఒకటి తెచ్చి అత్త చేతిలో పెట్టింది.

"నాకెందుకమ్మే, నువ్వు తాగు," అన్నది విజయమ్మ.

"నాకుండాది. వేడిగా ఉన్నప్పుడే తాగు అత్తా. రోశమ్మ పెద్దత్తకు మాత్రం చెప్పొద్దు."

గ్లాసు చెయ్యి కాల్చింది. కొంగుతో పట్టుకుంది. యాభై ఏళ్ళు దాటిన మనిషికి కాఫీ ఇంత వేడిగా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఆవిరి గ్లాసులోంచి లేచి, కాసేపు అంచు దగ్గర తారాడి, ఎడమ వైపుకు తిరిగి రవికలోకి పోయింది. అక్కడే ఉండిపోయింది. పైట తడిసింది.

రేచల్ తన గ్లాసు కింద పెట్టింది.

"ఎన్నాళ్ళయింది?"

"పుండు లేదులే."

"నేనడిగింది అది గాదత్తా."

విజయమ్మ బయట పడే వాన వంక చూస్తూ, శ్రమకాలంలో చూసినానని చెప్పింది. రేచల్ చెయ్యి పెట్టి తడిమింది. గచ్చకాయ నిమ్మకాయయింది. ఇద్దరూ ఏడవలేదు. కాఫీ మాత్రం చివరిదాకా తాగేశారు.

ఒంగోలు పెద్దాసుపత్రిలో ఉన్నది చిన్న వయసు డాక్టరమ్మ. పరీక్షలన్నీ అయ్యాక విజయమ్మ ఒక్కటే అడిగింది, తను కాఫీ తాగినందుకే ఇది వచ్చిందా అని.

"కాఫీ వల్ల వచ్చింది కాదమ్మా. మానేస్తే ఆగేదీ కాదు. తాగాలనిపిస్తే తాగు," అన్నది డాక్టరమ్మ. "ఇన్నాళ్ళు ఎందుకు రాలేదు?"

"పుండు పడలేదని."

"పుండు పడేదాకా ఉంటే నేను చేసేది ఏమీ ఉండేది కాదు."

గడ్డ అప్పటికే చంకలోకి పాకింది. కోసి, మందులెక్కిస్తే కొంతకాలం దొరుకుతుందని, ఎంతకాలమో చెప్పలేనని ఆమె అన్నది. విజయమ్మ సరేనన్నది. తిరుగు బస్సులో రేచల్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పొద్దు వాలే వేళకు కంభం చెరువు కట్ట కనిపించింది. ఆ కొంతకాలంతో ఏం చెయ్యాలో ఆ కట్ట దగ్గరే విజయమ్మకు తట్టింది. సంతోషమేమీ కలగలేదు. చెయ్యాల్సిన పని ఒకటి ఉన్నట్టు మాత్రం తెలిసింది.

రొమ్ము తీసేసి, జుట్టంతా రాలాక, రోశమ్మ కోడిగుడ్లు పట్టుకొని చూడటానికి వచ్చింది. ఇల్లు రేచల్ పేరున వీలునామా రాయిస్తున్నానని, సాక్షి సంతకం నువ్వు పెట్టాలని విజయమ్మ అడిగింది. మేనల్లుడంటే రోశమ్మకు ప్రాణం. కడుపున పుట్టినోడుండగా కోడలికి రాసేదేంది, రేపు అది ఇంకొకడిని చేసుకుంటే మా తమ్ముడి ఇల్లు ఎవడి పాలవుతాది అని చాలాసేపు అరిచింది. విజయమ్మ వింటూ కూర్చుంది. అరిచి అరిచి రోశమ్మే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నా నోట మన్నుబడ. నేను కాఫీ మాన్పించకుంటే ఎప్పుడో బయటపడేది," అన్నది.

"మానకముందు మాత్రం వేడిది నేనెప్పుడు తాగినా వదినా?"

విజయమ్మ ఎత్తిపొడుపుగా అనలేదు, వాన పడుతోందన్నట్టు అన్నది. రోశమ్మ ఇరవై ఏళ్ళ శుక్రవారాలు ఆ ఇంట్లో కాఫీ తాగింది. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి ఎప్పుడు తాగుతుందో ఒక్కనాడూ చూడలేదు. తెచ్చిన కోడిగుడ్లు ఒక్కొక్కటే తీసి గిన్నెలో పెట్టింది.

"కంభం రిజిస్ట్రారు ఆఫీసుకు ఎప్పుడు పోవాల్నో చెప్పు. పొద్దున బస్సుకైతే నాకు కుదురుతాది," అన్నది.

రోశమ్మ, నరసింహం సాక్షి సంతకాలు పెట్టారు. ఆ సంవత్సరమంతా రేచల్ పొద్దున్నే కాఫీ కాచి మొదటి గ్లాసు అత్తకు ఇచ్చింది. ఆవిరి ముందు చంకకు, తరువాత వెన్నుకు, చివరికి ఎటు పోవాలో తెలియనట్టు ఒళ్ళంతా కమ్ముకుంది.

విజయమ్మ 2025 జనవరి చివర్లో, శనగ పీకే రోజుల్లో పోయింది. భూస్థాపనకు శ్యాంసన్ అందుకోలేదు. జ్ఞాపకార్థ కూడికకు వచ్చి, అన్నం తిని, చెయ్యి కడుక్కొని, ఇంటి గోడలు తట్టి చూస్తుంటే రోశమ్మే విషయం చెప్పింది. వాడు మేనత్తను కాసేపు తిట్టి, సాయంత్రం బస్సుకు పోయినాడు.

ఇల్లు రేచల్‌కు వచ్చింది. పెరట్లో ఉన్న రెండు మేకలు రోశమ్మకు. చెవి కమ్మలు, ఆస్పత్రిలో తోడు పడుకున్నందుకు, రెబెకాకు. నిత్యానందం బైబిలు చర్చికి ఇచ్చారు. శ్యాంసన్‌కు ఏమీ రాలేదు.