దూది బిరడా

దర్జీ ఆవిడకు ఆ చెక్కపెట్టె అంటే ప్రాణం. పోయిన భర్త చేతిపని అది. కిటికీ పక్క గోడకు బిగించిన ఆ పెట్టెలో ముల్లు లేని తేనెటీగలు కాపురం పెట్టి పన్నెండేళ్లు దాటింది. చీమంతేసి ఈగలు. మైనంతో కట్టుకున్న సన్నని గొట్టమే వాటికి వాకిలి. ఈ ఇంట్లో కుట్టేది మనమిద్దరమేనని కూతురు ఎగతాళి చేసేది.

దోమల మందు కొట్టే మనిషి ఎప్పుడూ పొద్దుగూకాకే వచ్చేవాడు. అప్పటికి ఈగలన్నీ ఇల్లు చేరి ఉంటాయి కనుక ఆవిడ గొట్టానికి దూది పెట్టి, పొగ పోయాక తీసేసేది. ఆ రోజు మాత్రం పట్టపగలు పది గంటలకే వీధి మలుపులో పొగ మిషన్ మోత వినిపించింది.

ఆవిడ కత్తెర పడేసి ఎదురువెళ్లి, సాయంత్రం దాకా ఆగమని బతిమాలింది. పక్క వీధిలో ఇద్దరు జ్వరంతో ఆస్పత్రి పాలయ్యారని, ఆగితే తన ఉద్యోగం ఊడుతుందని అతను చెప్పాడు. అతని మాటలో తప్పేమీ లేదు. ఆవిడ కడుపుమంటంతా అదే.

"మూసెయ్యక్కా. గుడ్డి కన్నా మెల్ల మేలు. లోపలున్నవైనా దక్కుతాయి."

సగానికి సగం ఈగలు బయట పూల మీదున్నాయి. వాకిలి తెరిచి ఉంచితే అన్నీ పోతాయి, మూస్తే బయటివి పోతాయి. పుప్పొడి మోసుకొచ్చిన నాలుగైదింటిని లోపలికి పోనిచ్చి, వాటి వెనకొచ్చిన వాటి ముఖాన ఆవిడ దూది కుక్కేసింది. కిటికీ వేసుకుని నిలబడితే, అవి దూదిని తడుముతూ తిరగడం అద్దంలోంచి కనిపించింది. తర్వాత పొగ తప్ప ఏమీ కనిపించలేదు.

పొగ విడిపోయాక కిటికీ గట్టు మీద రాలిన వాటిని కాగితంలోకి ఎత్తి, దూది తీసింది. ఆ రోజు ఒక్క ఈగా బయటికి రాలేదు. మర్నాడూ అంతే. ఆవిడ పని ముట్టుకోకుండా పెట్టెకు చెవి ఆనించి కూర్చుంది. లోపల సన్నగా రొద ఉంది.

మూడోనాడు ఎండెక్కాక గొట్టం అంచున ఒక ఈగ కనిపించింది. ఒళ్లు ఇంకా నల్లబడలేదు, లేత గోధుమరంగే. అంత చిన్నవి గూట్లో పిల్లల్ని సాకాల్సినవే గానీ బయట తిరగాల్సినవి కావు. అది కాసేపు తటపటాయించి ఎగిరింది. దాని వెనకే ఇంకొకటి.

గూడు నిలిచింది. ఆ సంగతి చెబుదామని ఆవిడ కూతురి వైపు తిరిగింది. కూతురు కుట్టుమిషన్ మీద వంగి ఉంది. తండ్రి పోయిన వారానికే, కుర్చీ చివరికి జరిగితే గానీ కాళ్లందని వయసులో, ఆ మిషన్ ముందు కూర్చున్న పిల్ల.

"వయసు రాకముందే పనిలోకి తోసేశానే," అంది ఆవిడ.

కూతురు దారం తెంపి, గొట్టం వైపు చూస్తూ అంది.

"ఎవరూ తోయలేదమ్మా. వెళ్లాల్సినవి లేవు, ఇవే వెళ్లాయి."