పేరుకు ఓనరు

“ఆ చేయి తుడుచుకోని ఇక్కడొక సంతకం పెట్టు,” అన్నాడు కోటేశ్వర్లు భార్యతో. ఉమామహేశ్వరి చేతినిండా దోసెపిండి. దేనికని అడిగింది. “ఫ్యాక్టరీకి. ఆడోళ్ల పేరున పెడితే గవర్నమెంటు రాయితీ ఎక్కువ ఇస్తాది. నువ్వు పేరుకేలే, చేసేదంతా నేను కదా,” అన్నాడు. పెట్టింది. బోర్డు రాయించి తెచ్చిన రోజు మాత్రం ఎవరూ చూడకుండా తన పేరు చదువుకుని ఆశపడింది, ఆ వెంటనే సిగ్గుపడింది.

రాష్ట్రం విడిపోయి రెండేళ్లయింది. ఎవరు ఎక్కువ రాయితీలిస్తే వాళ్ల దగ్గరికే పోతామని విదేశీ కంపెనీలు రాష్ట్రాలతో బేరాలాడుతున్నాయి. మార్కాపురంలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే కోటేశ్వర్లుకు ఒక తైవాన్ కంపెనీ దొరికింది. చిప్పులు వాళ్లు పంపుతారు, ఛార్జర్లలో పెట్టే సర్క్యూట్ బోర్డులు ఇక్కడ తయారుచేయాలి. ఇక చూడండి, ఆ దుకాణం ముందు చేరినవాళ్ల మాటల్లో పొద్దస్తమానం చైనా, అమెరికా కొట్టుకోవడం, కోటేశ్వర్లు తీర్పు చెప్పడం. టీలు మాత్రం ఇంట్లోంచి వెళ్లేవి.

“చైనావోళ్లు సరుకు అమ్మినారు గానీ పని నేర్పినారా?” అనేవాడు అన్నం తింటూ. “నేర్పనోడితో పొత్తేంది? ఎన్నాళ్లు చేసినా మనం కూలోళ్లమే.” ఆమె పెరుగు వడ్డిస్తూ వినేది. ఇంత బాగా తెలిసిన మనిషికి ఇంట్లో మాత్రం ఎందుకు తెలియదు అనుకునేది. పెళ్లయిన కొత్తలో దుకాణంలో కూర్చుంటానంటే, “నీకు బేరమేం తెలుసు?” అన్నాడు. నేర్పమంటే, “నేర్చుకోని ఏం చేస్తావు?” అన్నాడు. డిగ్రీలో ఇష్టపడి చదివిన ఎలక్ట్రానిక్స్ ఇంట్లో ఫ్యూజు పోతే వేయడానికి పనికొచ్చింది. అత్త విశాలాక్షి సంగతి సరేసరి. “బోర్డు మీద పేరుంటే సరా? పొయ్యి మీద పాలు చూసుకో,” అని చుట్టాల ముందు నవ్వేది. ఉమ కూడా నవ్వేది. అలా నవ్వినందుకే ఆమెకు తన మీద తనకు కోపం.

తైవాన్ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ల మాట తెలుగులో చెప్పడానికి చెన్నై ఆఫీసు నుంచి ఒక తెలుగమ్మాయి వచ్చింది. పెసరట్లు అయ్యాయి, మాటలు కుదిరాయి. ఉమ కాఫీ ట్రేతో వచ్చేసరికి ఆ అమ్మాయి చెబుతోంది: “పని నేర్చుకోవడానికి ఓనరు మూడు నెలలు తైవాన్ రావాలండీ. ఇంకెవరికీ నేర్పరు. గుట్టు చైనా కంపెనీల చేతికి పోతుందని వీళ్ల భయం. కాగితాల్లో ఎవరుంటే వాళ్లే.”

“ఆమె పేరుకే మేడమ్. ఇల్లు వదిలి యాడికి పోతాది? నేనొస్తా,” అన్నాడు కోటేశ్వర్లు.

ఆ అమ్మాయి చెప్పింది విని, తైవాన్ వాళ్లలో పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. కోటేశ్వర్లు భార్య వైపు తిరిగాడు. “నువ్వే చెప్పు ఉమా, నీకు కుదరదని.”

అత్త గుమ్మంలోంచి చూస్తోంది. ఉద్యోగానికి కుదరదు, పైచదువుకు కుదరదు. ఇన్నేళ్లూ ఆ మాట వాళ్లే అన్నారు. ఇప్పుడు తన నోటితో అనమంటున్నారు. భయం వేసింది. ట్రే తీసి మొగుడి చేతికిచ్చింది.

“ఓనర్ని నేనేనమ్మా,” అంది ఆ అమ్మాయితో. “నాకు పాస్‌పోర్టు లేదు. ఎన్నాళ్లలో వస్తాది?”