నల్ల బానెట్ మీద సుడిగీతలు

హనుమత్ప్రసాద్ గారి నల్ల కారు నెలలో మూడోసారి సెల్లార్‌లోకి దిగుతుంటే స్వరాజ్యానికి ఒళ్ళు మండిపోయింది. చేతిలో గుడ్డను బకెట్‌లోకి విసిరికొట్టి, ముఖానికి ఇంత నవ్వు పులుముకుని ఎదురెళ్ళింది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, ఓ కాంప్లెక్సు సెల్లార్‌లో కార్లకు పాలిష్ పెట్టే షాపు ఆమెది. పన్నెండేళ్ళు షోరూములో బండ్లు కడుగుతూ పని నేర్చుకుని సొంతంగా పెట్టుకుంది. ఆడమనిషి మెషీన్ పడుతుందా అని వచ్చిన దారినే వెనక్కి పోయిన బండ్లు ఎన్నో.

“ఏంటమ్మా స్వరాజ్యం ఇది! బానెట్ అంతా మళ్ళీ సాలెగూడు అల్లినట్టుంది,” దిగుతూనే అందుకున్నారాయన. ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై, పంజాగుట్టలో స్థిరపడిన గుంటూరు మనిషి. “ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగు. నలభై కార్ల పాలిష్ పనీ నీకే ఇప్పిస్తానని అందరికీ చెప్పాను. ఇప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని నీ పేరెత్తను?”

మొదటిసారి తప్పు తనదే. ఆ మాట అప్పుడే ఒప్పుకుంది. తొందరలో గరుకు ఉన్ని ప్యాడ్‌తోనే పని ముగించేసింది. ఎండలో పెట్టేసరికి మెషీన్ తిరిగిన సుడులన్నీ నల్లరంగు మీద తేలాయి. మెత్తటి స్పాంజ్ ప్యాడ్ వేసి, సన్నరకం పాలిష్ పూసి, వేగం తగ్గించి, జానెడు జానెడు చొప్పున రోజంతా కూర్చుని వాటిని తీసింది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాయన్నారు. మళ్ళీ తీసింది. ఇప్పుడు మళ్ళీ. తన చేతిమీద తనకే అనుమానం పుట్టింది. అన్నిటికన్నా అదే ఆమెకు చిరాకు.

“యాడున్నయి సార్, జర చూపియ్యండి.”

“కళ్ళజోడు లేకుండా నాకే కనిపిస్తుంటే నీకు కనిపించడం లేదా? ఇదిగో.” ఆయన జేబులోంచి కర్చీఫు తీసి, బానెట్ మీద హా అని ఊది, గుండ్రంగా గబగబా తుడిచారు. “ఇప్పుడు చూడు.”

స్వరాజ్యం చూసింది. బానెట్‌ను కాదు, కర్చీఫును. రోడ్డు దుమ్ముతో బూడిదరంగుకు తిరిగి ఉంది.

“రోజూ గిట్లనే చూస్తరా సార్?”

“రోజూ. వాకింగ్ నుంచి రాగానే. దుమ్ముంటే గీతలు కనిపించవు కదా, అందుకని తుడిచి చూస్తాను.”

నెత్తి కొట్టుకోబోయిన చేత్తో చెంగు సర్దుకుంది. “కోపం చేసుకోకుండ్రి. గా తుడుసుడుకే గీతలు పడుతున్నయి.”

“అంటే నా కారుకి నేనే గీతలు పెట్టుకుంటున్నానా? అంత సేపు తిరిగే మెషీన్‌ది తప్పు కాదు, నా కర్చీఫుది తప్పా? మెత్తటి నూలుగుడ్డమ్మా ఇది!”

“గుడ్డ మెత్తగనే ఉన్నది సార్. దాని కింద దుమ్మున్నది. గరుకు కాయితం లెక్క గీకుతది.”

“బాగుంది వరస. ఇప్పుడే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెడతాను.” ఫోన్ తీశారు.

“పెట్టండి. రెండు గంటలు ఆగి పెట్టండి సార్, మీకు దండం పెడత.”

బానెట్‌కు నడిమధ్య నీలం టేపు అతికించింది. రెండువైపులా ఒక్కతీరుగా పాలిష్ పట్టి, లైటు పెట్టి చూసుకుని, ఒక్క సుడి కూడా లేదని ఆయన చేత ఒప్పించుకుంది. కారును పైకి తెచ్చి రోడ్డు పక్కన ఆపింది. అరగంటలో ఆటోలూ బస్సులూ కలిసి కావలసినంత దుమ్ము పోశాయి.

“ఇప్పుడు మీరు రోజూ చూసినట్టే చూడండి. కుడి దిక్కు ఒక్కటే. ఎడమ దిక్కు ముట్టద్దు.”

ఆయన పట్టుదలగా తుడిచారు. తర్వాత స్వరాజ్యం నురగతో మొత్తం కడిగి, దళసరి మెత్తటి గుడ్డను రుద్దకుండా అద్ది, టేపు పీకింది. ఎడమవైపు ఎదుటి హోర్డింగు అక్షరాలతో సహా కనిపిస్తోంది. కుడివైపు ఎండలో సుడులే సుడులు. ఒక్కొక్కటీ ఆయన అరచేయంత.

హనుమత్ప్రసాద్ గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు, తీసి చూశారు.

“ఈ కర్చీఫు మా కోడలు రవళి కొంది,” అన్నారు చివరికి. “నాసిరకమని నేనప్పుడే అన్నాను.”

“పట్టుగుడ్డయినా గంతే సార్.”

“మరి దుమ్ముంటే ఎలా చూడాలి?”

“చూడద్దు.”

“చూడకపోతే ఎలా తెలుస్తుంది?”

“కడిగినంక చూడండి. చేతులు ఎనక్కి కట్టుకొని చూడండి!” గొంతు పెరిగిందని తెలిసి నాలుక కరుచుకుంది.

ఆయన మాత్రం ఫోన్‌లో టైపు చేస్తున్నారు. చేసింది పైకి చదివారు: “కార్లను పొడిగుడ్డతో ఎవరూ తుడవరాదు. ఇది నేను స్వయంగా చేసిన పరిశోధనలో తేలింది. అమీర్‌పేట స్వరాజ్యం పని నిక్కచ్చిగా ఉంది. నలభై కార్లూ ఆమెకే ఇద్దామని నా ప్రతిపాదన.”

పరిశోధన ఆయన చేశారట! స్వరాజ్యానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ పేరు నిలబడింది. ఇక ఆ కుడివైపు సుడులన్నీ మళ్ళీ తీయాలి.

కారును కిందికి దించి, మెషీన్‌కు స్పాంజ్ ప్యాడ్ తగిలించింది. ఆయన పక్కకు వచ్చి వంగారు.

“ఇదిగో, ఇక్కడొకటి పెద్దదుంది...” వేలు బానెట్ మీదికి పోతోంది.

స్వరాజ్యం ఆయన ఒక చేతిలో అప్పుడే తెప్పించిన చాయ్ గ్లాసు, రెండో చేతిలో లైటు పెట్టింది.

“రెండూ గట్టిగ పట్టుకోండి సార్,” అని మెషీన్ స్విచ్ నొక్కింది.